గడ్డి మొలవని చోటు

రైల్వే గార్డుగా రిటైరైన ఆయన డాబా మీది గదిలో బల్లపై బుల్లి స్టేషన్ కడుతున్నారు. తండ్రి కీమ్యాన్‌గా సుత్తి భుజాన వేసుకుని రోజూ నడిచిన పల్లె స్టేషన్ అది. హెచ్‌ఓ స్కేలు... అంటే అసలులో 87వ వంతు.

నేల కోసం ఆ ఊరి ఎర్రమట్టే తెచ్చి చల్లారు. తీరా చూస్తే మట్టిబెడ్డలు బండరాళ్లలా ఉన్నాయి! ఐదు సెంటీమీటర్ల కంకర ఇక్కడ అర మిల్లీమీటరే మరి. పల్చటి గుడ్డలో జల్లించారు. జిగురునీళ్లు తగిలి రంగు ముదిరితే ముగ్గుపిండి కలిపి సరిచేశారు. గడ్డికి ఆకుపచ్చ రంగు పట్టించిన రంపపుపొట్టు, రాలిన ఆకులకు వాడేసి ఎండబెట్టిన టీపొడి.

మనవడు వంగి చూశాడు. "ముత్తాత ఎక్కడ నడిచేవాడు తాతయ్యా?"

ఆయన పట్టాల పక్కన సన్నగా గడ్డి గీకేశారు. రోజూ కాళ్లు పడేచోట గడ్డి మొలవదు కదా!