పంచర్ సాయిబు పేరేంటి?

పోయినేడు మేం ఒక పాత కారు కొన్నాం. ఆదోనిలో పేపరు ఉద్యోగం చేసుకునే ఇంటికి కొత్త కారు ఎక్కడ నుంచి వస్తుంది? చేతులు మారిందే వస్తుంది. సీటు కవర్లు చిరిగాయి. ఏసీ దగ్గుతుంది. కానీ స్టీరింగు పక్కన పలకంత తెర ఒకటి ఉంది. మా పిల్లలకు కారు కన్నా ఆ తెరే ఎక్కువ. "అబ్బా, ఫోన్ కనెక్ట్ కరో" అని ఒకటే గోల.

కనెక్ట్ చేయడం పెద్ద విద్యేం కాదు. ఫోన్లో బ్లూటూత్ తెరవాలి. కారు తెరమీద కొత్త ఫోన్ చేర్చమనే చోట నొక్కాలి. రెండూ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. కారు తెరమీదా, ఫోన్ మీదా ఒకే ఆరంకెల నంబరు వస్తుంది. రెండు చోట్లా ఒకటేనా అని చూసుకుని అవుననాలి. నికాలో ఖాజీ సాబ్ ఇద్దర్నీ వేరువేరుగా "ఖుబూల్ హై?" అని అడిగినట్టు, కారూ అడుగుతుంది, ఫోనూ అడుగుతుంది. డెన్మార్కును ఏకం చేశాడని పేరున్న పదో శతాబ్దపు రాజు హెరాల్డ్ బ్లూటూత్. 1990ల చివర్లో ఈ సాంకేతికానికి ఆయన పేరు పెట్టారు. వెయ్యేళ్ళ కిందటి రాజు పేరు గుర్తుంచుకున్నారన్న మాట. రాజు కదా.

ఆ తర్వాత ఇంకో ప్రశ్న వస్తుంది. మీ కాంటాక్టులూ, కాల్ లిస్టూ ఈ కారుకు ఇవ్వమంటారా అని. చాలామంది చూడకుండానే సరే అనేస్తారు. పాట వినడానికి ఆ అనుమతితో పనిలేదు. బ్లూటూత్‌లో పాట పోయే దారి వేరు, ఫోన్ మాట పోయే దారి వేరు, పేర్ల పుస్తకం పోయే దారి వేరు. పేర్లు ఇవ్వనన్నా పాట పాడుతుంది. కానీ ఒకసారి ఇచ్చేశామా, కొన్ని కార్లలో ఆ పేర్లు కారు దగ్గరే మిగిలిపోతాయి. అమ్మేటప్పుడు గుర్తుపెట్టుకుని చెరపాలి. మాకు అమ్మినాయన చెరపలేదు.

కొత్త ఫోన్ చేర్చబోతే పాత ఫోన్లు కనిపించాయి. ఆయన ఎక్కువగా మాట్లాడే మనుషుల పట్టీ అలాగే ఉంది. పరాయివాళ్ళ పేర్లు చదవడం తప్పే. చదివాం. అమ్మ, నాన్న, బావ. ఒక డాక్టరు, ఇంటిపేరుతో సహా. ఇద్దరు ముగ్గురు సార్లు, ఒక మేడం. ఆ కిందికి పోతే పంచర్ సాయిబు. ఏసీ సాయిబు. బిర్యానీ సాయిబు. గాజుల బూబమ్మ.

నలుగురు ముసల్మాన్లు. ఒక్కరికీ పేరు లేదు.

ఏసీ సాయిబు నంబరు చూస్తే మా ఫోన్లోనూ ఉంది. మేం ఆయన్ని పేరుతో రాసుకున్నాం, వెనక 'భాయ్' చేర్చి. ఆయన మాకు దూరపు బంధువు. ఇంటరు చదివాడు, ఘజళ్ళంటే ప్రాణం. ఆయన పేరుకు అరబ్బీలో మంచి అర్థం ఉంది. అదంతా పోయి ఆ తెరమీద ఏసీ ఒకటి, సాయిబు ఒకటి మిగిలాయి.

కారు అమ్మినాయన చెడ్డవాడని మేం అనడం లేదు. ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ధర కాస్త తగ్గించాడు. పండక్కి మెసేజ్ కూడా పెట్టాడు. మమ్మల్ని ఆయన ఫోన్లో ఏమని రాసుకుని ఉంటాడో ఊహించడం కష్టం కాదు. కారు కొన్న సాయిబు. ద్వేషం ఉన్నచోట కనీసం తిట్టడానికైనా పేరు కావాలి. ఇక్కడ ఆ అవసరం కూడా రాలేదు.

కారుతో మాకు ఇది మొదటి చుట్టరికం కాదు. మా అబ్బా ఆదోని స్టేషను దగ్గర బాడుగ అంబాసిడర్ నడిపేవాడు. మద్రాసు, బొంబాయి రైళ్ళు దిగిన భక్తుల్లో కొందరు మంత్రాలయానికి ఆయన కార్లో పోయేవాళ్ళు. ముందరి అరలో రెండు క్యాసెట్లు ఉండేవి. ఒకటి రాఘవేంద్రస్వామి పాటలు, ఒకటి ఖవ్వాలీ. భక్తులు ఎక్కితే స్వామి పాటలు. వాళ్ళను దించి ఖాళీగా వచ్చేటప్పుడు ఖవ్వాలీ. సెలవుల్లో ఆ ఖాళీ ప్రయాణం మాకు దొరికేది. అద్దాలు దించి, గొంతెత్తి పాడుకుంటూ వచ్చేవాళ్ళం. రెండు క్యాసెట్లలో మాకు తప్పేం కనిపించలేదు. ఎక్కినవాడికి నచ్చింది పెట్టడం డ్రైవరు ధర్మం. పైగా అబ్బాకు స్వామి పాటలు నిజంగానే నోటికి వచ్చు.

మఠం ఉన్న మంచాల గ్రామాన్ని స్వామికి ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అని మా వైపు అందరూ చెప్పుకుంటారు. బీజాపూర్ సుల్తానుల తరఫున 17వ శతాబ్దంలో ఆదోనిని ఏలినాయన. మా ఊరి జామియా మసీదు కట్టించిందీ ఆయనే. అబ్బా ఈ కథను దారిపొడుగునా భక్తులకు చెప్పేవాడు. మద్రాసు భక్తులకు వచ్చీరాని అరవంలో కూడా చెప్పేవాడు. 1992 డిసెంబరు దాకా చెప్పాడు.

తర్వాత చెప్పలేదు. ఆ నెలలోనే ఒకరోజు పొద్దున్నే ముందు అద్దం మీది 786 స్టిక్కరును బ్లేడుతో గీకుతూ కనిపించాడు. ఎవరూ తీయమనలేదు. కైకూ అబ్బా అంటే, పాతబడింది బేటా అన్నాడు. ఖవ్వాలీ క్యాసెట్టు ఇంట్లోకి వచ్చేసింది. అద్దం మీద జిగురు మరక మాత్రం చాన్నాళ్ళు పోలేదు. ఎండ పడితే అంకెలు ఇంకా చదవొచ్చు.

మా ఫోన్ పేరు చివర కూడా 786 ఉండేది. కారుతో కలిపిన రోజు అది తెరమీద పెద్దక్షరాలతో వెలిగింది. ఈ కార్లో ఆఫీసు మిత్రులు ఎక్కుతారు, వార్తల కోసం పల్లెలకు పోతాం, ఎవరెవరో లిఫ్టు అడుగుతారు. ఆ రాత్రే సెట్టింగుల్లోకి పోయి ఆ పేరు తీసేసి కంపెనీ పెట్టిన మోడల్ పేరు పెట్టాం. నమాజు వేళలు చెప్పే యాప్‌కు శబ్దం ఆపేశాం. ఫోన్ కలిసి ఉంటే అజాన్ కారు స్పీకర్లలోంచి వచ్చేస్తుంది మరి. వచ్చిన మెసేజీని చదివి వినిపించే సదుపాయాన్నీ ఆపాం. అమ్మీ పంపే సలాము ఎవరి ముందు వినబడుతుందోనని. మమ్మల్ని కూడా ఎవరూ తీయమనలేదు. అబ్బాకు బ్లేడు కావలసి వచ్చింది, మాకు వేలు చాలింది. మరక కూడా మిగల్లేదు.

ఇక్కడికి ఆపేస్తే ఇది మీరు ఇదివరకే చదివిన వ్యాసం. మెజారిటీ మా పేర్లు మింగేసింది, మేం బాధపడ్డాం. రాయడానికి సుఖంగా ఉంటుంది కూడా. కానీ ఈ చలికాలం ఎమ్మిగనూరు రోడ్డు మీద జరిగింది చెప్పకపోతే అబద్ధమాడినట్టే.

మా ఇంటామెది ఎమ్మిగనూరు. ఆదోని నుంచి 30 కిలోమీటర్లు ఉంటుందేమో. ఆదోని పత్తి ఊరు, ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. పత్తికీ మగ్గానికీ నడుమ ఇంకో చెయ్యి ఉంది. దూది ఏకే చెయ్యి. విల్లు తాడును కొయ్యగుండుతో కొడుతూ, ఆ దుమ్మంతా పీలుస్తూ దూదిని మెత్తబరిచే దూదేకుల చెయ్యి. సర్కారు జాబితాలో వాళ్ళు దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్, బీసీ-బి. వెనకబడిన మిగతా ముస్లింలకు బీసీ-ఇ వచ్చింది 2007లో. ఇంట్లో వాళ్ళు చాలామంది తెలుగే మాట్లాడతారు. "ఉర్దూ ఆతీచ్ నై, కైకే ముసల్మాన్?" అని మా నానీ నవ్వేది. మేం కూడా నవ్వేవాళ్ళం. పెళ్ళిళ్ళ దగ్గరికి వస్తే ఆ నవ్వు కూడా ఉండదు.

మా ఇంటికి ఇరవై ఏళ్ళుగా రజాయిలు కుట్టే పెద్దాయన ఆ వర్గమే. మా పెళ్ళి పరుపూ ఆయనే కుట్టాడు. మా పిల్లలకు బొంతలూ ఆయనే కుట్టాడు. ఆయనకు ఎమ్మిగనూరులో చుట్టాల పెళ్ళి ఉంది. మేమూ అటే పోతున్నామని తెలిసి, మనవణ్ణి వెంటబెట్టుకుని ఎక్కాడు. అయిదో తరగతి పిల్లాడు. ఇంగ్లీషు మీడియం. దారిలో కనిపించిన బోర్డునల్లా పైకి చదువుతున్నాడు. మేం మెచ్చుకుంటూ ఉన్నాం.

సగం దారిలో పెద్దాయన జేబులు తడుముకున్నాడు. "సార్, నా ఫోను యాడ పడిందో, ఒక రింగు కొట్టండి" అన్నాడు. మా ఇంటామె కారు తెరమీదే ఆయన నంబరు వెతికి నొక్కింది. సీటు సందులో ఫోన్ మోగింది. తెరమీద పెద్ద అక్షరాలు వెలిగాయి. పిల్లాడు ముందుకు వంగి, బోర్డు చదివినట్టే గట్టిగా చదివాడు.

"లద్దాఫ్ రజాయి."

ఒక నిమిషం ఆగి, "తాతా, నీ పేరు అది కాదు కదా?" అన్నాడు.

కార్లో ఎవరమూ మాట్లాడలేదు. పెద్దాయన ఫోన్ తీసుకుని, మోగుతున్నదాన్ని ఆపడం తెలియక మనవడి చేతికిచ్చాడు. వాడు ఆ తెర కూడా చదివాడు. అందులో మా పేరు ఉంది. ఇంటిపేరులాగా వాడే సయ్యద్‌తో మొదలుపెట్టి పూర్తిగా, చివర 'సాబ్' తగిలించి. "నేనే ఎక్కించినా" అన్నాడు పిల్లాడు, మెచ్చుకుంటామేమోనని చూస్తూ. పెద్దాయన వాడి తల నిమిరి, "అందరూ అట్లనే పిలుస్తార్లేరా" అన్నాడు. మాకు వినబడాలని అన్నాడో, వినబడకూడదని అన్నాడో ఇప్పటికీ తెలియదు.

మేం పేపరు మనుషులం. ఒక ప్రమాదంలో ముగ్గురు పోతే ముగ్గురి పేర్లూ, వయసులూ సరిచూసుకోకుండా వార్త పంపం. పేరు తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తాం. ఇరవై ఏళ్ళు ఆయన కుట్టిన రజాయిల కింద పడుకున్నాం. పేరు అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా తట్టలేదు. పంచర్ సాయిబును చూసి రగిలిపోయిన ఇల్లే ఇది.

ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర దిగేటప్పుడు అడిగాం. ఆయన పేరు చెప్పాడు, వాళ్ళ నాయన పేరుతో కలిపి. ముందు సగం అరబ్బీ, చివర సగం 'అప్ప' అని రాయలసీమ. అంత చక్కని పేరు మా వైపు ఉర్దూ ఇళ్ళలో ఎవరికీ లేదు. ఇక్కడ అచ్చు వేయడానికి ఆయన్ని అడగలేదు గనక రాయడం లేదు. అక్కడే నిలబడి, తెలుగు అక్షరాల్లోనే ఫోన్లోకి ఎక్కించాం.

తిరిగి వచ్చేటప్పుడు కారు తెరమీద చూస్తే ఆయన పేరున్నచోట ఖాళీ డబ్బాలు, వరసగా. ఈ కారు తెరకు తెలుగు అక్షరాలు పెట్టి పంపలేదు. మా ఇంటామె వాళ్ళ అమ్మీ పేరు ఉర్దూ లిపిలో రాసుకుంది, అదీ డబ్బాలే. బ్లూటూత్‌లో ఫోన్ పేరును మాత్రమే పంపుతుంది, అక్షరం గీయాల్సింది కారు. కారుకు రాని లిపి డబ్బాలవుతుంది. 2014లో గూగుల్ వాళ్ళు ప్రకటించిన ఆండ్రాయిడ్ ఆటో, ఆపిల్ వాళ్ళ కార్‌ప్లే వేరు దారి తీశాయి. అక్కడ ఫోనే బొమ్మంతా గీసి పంపుతుంది, కారు చూపిస్తుందంతే. మా కారులో ఆ వసతి ఉందని అప్పటిదాకా తెలియదు, ఎందుకంటే మా దగ్గరున్నది ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే తీగ. డేటా కూడా పోయే మంచి తీగ కొని తగిలించాం. పెద్దాయన పేరు చివరి 'అప్ప' దాకా వచ్చింది. ఆమె అమ్మీ పేరు కుడి నుంచి ఎడమకు సరిగ్గా వచ్చింది.

ఆ రాత్రి కూర్చుని మా ఫోన్లో పేర్లన్నీ వరసగా చూశాం. కోమటి దుకాణ్. బోయ డ్రైవర్. ఇస్త్రీ ధోబీ. ఇంకా ఉన్నాయి, రాయడానికి సిగ్గుగా ఉంది. మర్నాడు ముందుగా ఇస్త్రీ ఆయనకు ఫోన్ చేశాం. బట్టలకు కాదు, పేరు కనుక్కుందామని చేశామన్నాం.

అటు వైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత అడిగాడు.

"యాలా సార్, రేషన్ కార్డుల్లో ఏమన్నా తీసేస్తాన్నారా?"