అలల ఒడ్డున సున్నాల లెక్క

బిట్‌కాయిన్‌ను నెత్తిన పెట్టుకున్న ఎల్ సాల్వడార్‌లోనూ ధరలు డాలర్‌ను వదల్లేదు. కారణం సాంకేతికత ఒక్కటే కాదు

రాజధాని శాన్ సాల్వడార్ నుంచి గంట ప్రయాణం. కొండ అంచున మెలికలు తిరిగే తీర రహదారి దిగితే ఎల్ జోంటే. నల్లటి ఇసుక, గుండ్రటి రాళ్లు, పసిఫిక్ అలల మీద సర్ఫర్లు. సుమారు 3,000 మంది ఉండే ఈ పల్లెకు మరో పేరుంది: బిట్‌కాయిన్ బీచ్. పేరు చెప్పని దాత ఇచ్చిన బిట్‌కాయిన్లతో 2019లో ఇక్కడో ప్రయోగం మొదలైంది. ఊరి పనులు చేసిన యువకులకు ఆ రూపంలోనే డబ్బు ముట్టింది. డాలర్లుగా మార్చుకోకుండా ఊళ్లోనే ఖర్చు చేయాలన్నది ఉద్దేశం. దాంతో దుకాణాలూ దారికొచ్చాయి.

చిక్కంతా లెక్క దగ్గరే. ఇక్కడివారి నిత్యాహారం పుపుసా. చిక్కుడు గింజల ముద్ద, జున్ను కూరి పెనం మీద కాల్చే మొక్కజొన్న రొట్టె. బిట్‌కాయిన్ ధర 50,000 డాలర్లున్న రోజున ఒక డాలర్ విలువైన తిండికి చెల్లించాల్సింది 0.00002 బిట్‌కాయిన్. ఆకలి మీదున్నవాడికి అన్ని సున్నాలు లెక్కపెట్టే ఓపిక ఎక్కడిది? ఒక్క సున్నా జారితే ఒకటి తిని పదింటికి డబ్బు కట్టినట్టే.

దీనికో విరుగుడుంది. బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు సతోషి. అప్పుడు పై లెక్క 2,000 సతోషిలవుతుంది. దశాంశాలు పోయాయి, నోటికి అంకె వచ్చింది. కానీ ఆ అంకె నిలకడగా ఉండదు. 2022 చివర్లో బిట్‌కాయిన్ 16,000 డాలర్లకు పడిపోయినప్పుడు అదే డాలర్‌కు 6,250 సతోషిలు. 2024 డిసెంబర్‌లో లక్ష డాలర్లు తాకినప్పుడు 1,000 మాత్రమే. గోడ మీద సతోషిల్లో ధర రాస్తే రోజూ చెరిపి రాయాల్సిందే.

డబ్బు వాడకం సగం లెక్క, సగం అలవాటు. ఎల్ సాల్వడార్ 2001లో సొంత కరెన్సీ కోలోన్‌ను పక్కనపెట్టి అమెరికా డాలర్‌ను తెచ్చుకుంది. అక్కడి జనం 25 సెంట్ల నాణేన్ని 'కోరా' అంటారు. ఇంగ్లిషు 'క్వార్టర్' వాళ్ల నోట నలిగి అలా మారింది. పరాయి నాణెం సొంతమైందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. తెలుగువారి పావలా కథా ఇంతే. 1957లో అణాల లెక్క పోయినా పేరు మిగిలింది. 25 పైసల నాణెం 2011లో రద్దయినా 'పావలా వడ్డీ' అంటే ఎంతో మహిళా సంఘాల్లో ఎవరినడిగినా చెబుతారు. సతోషికి ఆ చనువు ఇంకా దొరకలేదు. 2025లో కొందరు బిట్‌కాయిన్ నిపుణులు చిన్న యూనిట్‌నే 'బిట్‌కాయిన్' అని పిలుద్దామని ప్రతిపాదించారు. సమస్య పేరులోనూ ఉందని వారికీ తెలుసు.

పల్లె ప్రయోగాన్ని అధ్యక్షుడు నయీబ్ బుకెలే దేశమంతటికీ విస్తరించారు. 2021 సెప్టెంబర్ 7న బిట్‌కాయిన్‌ను చట్టబద్ధ కరెన్సీ చేసిన తొలి దేశం ఎల్ సాల్వడారే. ప్రభుత్వ యాప్ 'చివో'లో చేరినవారికి 30 డాలర్ల కానుక. విచిత్రమేమిటంటే, ఖాతాల లెక్కకు కొలమానం డాలరేనని ఆ చట్టమే చెప్పింది. 2022 ఫిబ్రవరిలో ఆర్థికవేత్తలు 1,800 కుటుంబాలను సర్వే చేయగా, యాప్ దించుకున్నవారిలో ఎక్కువమంది కానుక ఖర్చయ్యాక దాని జోలికే పోలేదని తేలింది. ఎల్ జోంటేలో వాడే వ్యాలెట్ తయారీదారులు సైతం అదే ఏడాది నిల్వను డాలర్ విలువలో ఉంచుకునే వీలు కల్పించారు. అంతర్జాతీయ ద్రవ్య నిధితో 140 కోట్ల డాలర్ల రుణ ఒప్పందం కుదిరాక, 2025 జనవరిలో చట్టం మారింది. బిట్‌కాయిన్ తీసుకోవడం ఇక వ్యాపారి ఇష్టం.

భారత రిజర్వ్ బ్యాంక్ ఈ చిక్కు పెట్టుకోలేదు. 2022 డిసెంబర్ 1న సామాన్యుల కోసం ప్రయోగాత్మకంగా తెచ్చిన డిజిటల్ రూపాయి, చలామణిలో ఉన్న నోట్లు, నాణేల విలువల్లోనే వచ్చింది. కొత్త లెక్క నేర్వనక్కర్లేదు. అలాగని అదొక్కటే జనాన్ని రప్పించదు. ఫోన్‌లో యూపీఐ ఉండగా ఇదెందుకన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఎల్ జోంటే మాత్రం తన రెండో పేరుతో నాలుగు రాళ్లు వెనకేసుకుంది. బిట్‌కాయిన్‌తో కాఫీ కొన్నామని చెప్పుకోవడానికే వచ్చే విదేశీయులున్నారు. వారికి అదో సరదా. పిండి, గ్యాస్ డాలర్లలో కొనే పుపుసా దుకాణానికి కాదు. పొద్దున అమ్మినదానికి వచ్చిన సొమ్ము సాయంత్రం సరుకుకు సరిపోతుందా లేదా అన్నదే దానికి అసలు లెక్క.