మౌనము నేర్చిన మోడెమ్

నర్మెట్టలో మా పాత ట్రంకుపెట్టె సర్దుచుండగా, గుడ్డలో చుట్టి దాచిన 14.4 కె మోడెమ్ చేతికి తగిలి, విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న మన ప్రజలకు ఇంటర్నెట్టు ద్వారము తెరచిన పిమ్మటి యేండ్లలో, హైదరాబాదులోని ఒక కార్యాలయమున యూనిక్స్ యంత్రముచెంత నేను గడిపిన రాత్రులు స్మృతిపథమున మెదలినవి.

బయటివారు ఫోను చేసి ఆ యంత్రములోనికి ప్రవేశించుటకు, మొదటి గంటకే ఫోనెత్తుమని మోడెమునకు ఎస్0=1 అను ఆదేశమిచ్చి, ఇనిట్‌ట్యాబ్ ఫైలులో ఒక పంక్తి చేర్చినచో, గెట్టీ అను ప్రోగ్రాము సీరియల్ పోర్టుకడ కాచుకొని 'లాగిన్' అని పలుకరించును. చిక్కంతయు మోడెమ్ ప్రతిధ్వనిలోనే కలదు: గెట్టీ పలికినదానినే అది తిరిగి పలుకగా, గెట్టీ దానిని వచ్చినవారి పేరుగా భ్రమించి పాస్‌వర్డు అడుగును, ఆ ప్రశ్నయు మరలివచ్చును, ఎవ్వరును ఫోను చేయకయే ఆ రెండును తెల్లవార్లు సంభాషించుకొనుచునే యుండును. ఇ0, క్యూ1 అను ఆదేశములతో దానికి మౌనము నేర్పితిని.

అవతలివారు ఫోను పెట్టినంతనే క్యారియర్ సంకేతము పడిపోయి, వారి ఆదేశములందుకొను షెల్లు ముగియవలెను. లేనిచో ముందటివారి షెల్లు తరువాతి అపరిచితునికి గొళ్ళెములేని ఇల్లువలె దొరకును. దీనిని నేను పదేపదే పరీక్షించితిని.

తుదిపరీక్షకై నర్మెట్ట ఎస్‌టీడీ బూతునుండి ఫోను చేయుమని తమ్మునికి చెప్పితిని. మరునాడు వాడు, "అన్నా, నువ్వు ఎత్తలే గని, ఏదో కీసుమని అరిసింది" అనెను.