డ్రమ్ము వెనక

ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మెషిన్‌లో పైకి కనిపించేది తలుపు రబ్బరు మడతల్లోని నల్లటి బూజు మాత్రమే. విప్పి డ్రమ్మును బయటికి తీస్తే అసలు సంగతి తెలుస్తుంది. దాన్ని వెనక నుంచి పట్టి తిప్పే మూడు కొమ్మల చట్రం నిండా జిగట పేరుకుని ఉంటుంది. కరగని సబ్బు, సాఫ్ట్‌నర్ జిడ్డు, బట్టల పీచు, మన ఒంటి నూనె, ఇవే బూజుకు తిండి. ఎప్పుడూ చన్నీళ్ల ఉతుకే అయితే అవి వదలవు. తలుపు మూసి ఉంచితే తడి ఆరదు. ఆ పొర కింద అల్యూమినియం చట్రం కూడా మెల్లగా గుల్లబారుతుంది.

ఆ మూలలన్నీ బ్రష్షుతో తోముతున్నప్పుడు నా మనసు మెత్తబడుతుంది. ఇంటిల్లిపాది మురికినీ వదలగొట్టే యంత్రం అడిగేది ఎంత తక్కువ! సబ్బు కొలిచి వేయడం, అప్పుడప్పుడూ 60 డిగ్రీల వేడినీళ్లతో ఖాళీగా తిప్పడం, ఉతికాక తలుపు తెరిచి ఉంచడం. మనకు సేవ చేసేవాటికి ఆరే తీరిక ఇవ్వడం మన ధర్మం.