పోయిందనుకొన్న నివేదిక

మరునాడే ప్రాజెక్టు నివేదిక సమర్పించాలి. కంప్యూటరు ప్రయోగశాలలో ఒక విద్యార్థిని కన్నీరు పెట్టుకొన్నది. అలవాటైన యంత్రం ఖాళీ లేక వేరొకదాని ముందు కూర్చున్నదట. ‘డాక్యుమెంట్స్’ ఫోల్డరు శూన్యం. మూడు నెలల శ్రమ! ప్రయోగశాల బాధ్యుడనైన నా గుండె కూడా జారింది.

విండోస్ నెట్‌వర్కులో ఆ ఫోల్డరును సర్వరుకు మళ్ళిస్తాము. మళ్ళింపు విఫలమైతే ఎదుటనున్న యంత్రంలోని ఖాళీ ఫోల్డరే కన్పిస్తుంది. ఈవెంట్ వ్యూయరులో 502వ సంఖ్య దోషం నమోదై ఉన్నది: ప్రవేశానికి అనుమతి లేదు. ముందునాడు సర్వరులో అనుమతులు సవరించినవాడను నేనే! ఆమె ఫోల్డరుపై ఆమెకే అనుమతి తీసివేశాను.

సరిదిద్ది, మరల లాగాన్ చేయమన్నాను. నివేదిక అక్షరం చెదరక ప్రత్యక్షమైనది. ఆమె నాకు కృతజ్ఞతలు చెప్పింది. నేను తప్పు ఒప్పుకొని క్షమాపణ కోరాను.

మిత్రులారా! ఫోల్డరు శూన్యమైతే పత్రం నశించినట్లు కాదు. ముందు దారిని పరీక్షించండి.