టెస్ట్ సర్వర్లో నక్షత్రం

నాలుగు రోజులుగా ఆఫీసు పని పక్కన పడేసి (మా మేనేజరు ఈ బ్లాగు చదవరులెండి) ప్లాస్మా జెట్ల గురించి చదువుతున్నా. కొత్తగా పుట్టే నక్షత్రం చుట్టూ వాయువు, ధూళి పళ్ళెంలా తిరుగుతుంటాయి కదా, దాని మధ్యలోంచి పైకీ కిందకీ సన్నటి ధారలు చిమ్ముతాయి. సెకనుకి వందల కిలోమీటర్ల వేగం. ఎం87 గెలాక్సీలో బ్లాక్ హోల్ దగ్గర్నుంచి వచ్చే ధార అయితే దాదాపు 5 వేల కాంతి సంవత్సరాల పొడవు. 1918లోనే హెబర్ కర్టిస్ దాన్ని ఫోటోలో చూశాడు.

మరి ఇలాంటిదాన్ని గదిలో ఎలా చేస్తారండీ? కాల్‌టెక్‌లో పాల్ బెల్లన్ బృందం చేసింది. గాలి తీసేసిన పెద్ద స్టీలు పీపాలో, మధ్యన రాగి బిళ్ళ, చుట్టూ రింగు. పళ్ళెం చేసే పని ఇవి చేస్తాయన్నమాట. వాయువు వదిలి, కెపాసిటర్లలోంచి ఒక్కసారిగా దాదాపు లక్ష ఆంపియర్ల కరెంటు పంపిస్తారు. ముందు సాలీడు కాళ్ళలా ఎనిమిది వంపులు లేస్తాయి, అవి కలిసిపోయి ఒకే ధార అవుతుంది. అంతా మైక్రోసెకన్లలో అయిపోతుంది. ధార పొడుగయ్యి, లోపలి అయస్కాంత క్షేత్రం ఒక పూర్తి చుట్టు మెలి తిరిగిందా, ఇక నిటారుగా నిలవదు. తాడుని మరీ ఎక్కువ పురి పెడితే వంకర తిరుగుతుంది చూడండి, అచ్చం అలాగే. 2012లో ఆనా మోజర్, బెల్లన్ ఆ వంకరలోంచి ఇంకా చిన్న అలలు పుట్టి, ధార సన్నబడి తెగిపోవడం కూడా చూపించారు.

"గదిలోది నక్షత్రం ఎలా అవుతుంది?" అన్న డౌటు నాకూ వచ్చింది. అవ్వదు. అక్కడ గురుత్వాకర్షణ పాత్ర లేదు, వేగం కూడా సెకనుకి పదుల కిలోమీటర్లే. కానీ 1999లో ర్యుటోవ్, ఆయన సహచరులు చెప్పిందేమిటంటే, సైజు కాదు, నిష్పత్తులు చూడమని. జిగట, వేడి పాకడం లాంటివి రెండు చోట్లా లెక్కలోకి రానంత చిన్నవైతే, సమీకరణాలు ఒకటే. రేనాల్డ్స్ నంబర్ గుర్తుందా? వైవా కోసం బట్టీ పట్టాం, అదే.

ఇక్కడే నాకు కడుపులో దేవినట్టయింది.

పోయినేడు మా రిలీజు ఒకటి ప్రొడక్షన్లో కుప్పకూలింది. టెస్ట్ సర్వర్లో 200 రికార్డులు, ప్రొడక్షన్లో 4 కోట్లు. రికార్డులు తక్కువైనందుకు కాదు తంటా. ఆ 200 మొత్తం మెమరీలో పట్టేశాయి, 4 కోట్లు పట్టలేదు. డేటాకీ మెమరీకీ ఉన్న నిష్పత్తిని నేను వదిలేశా. మా జూనియర్ టెస్టర్ కుర్రాడు ముందే అడిగాడు, "అన్నా, ఇంకొంచెం డేటా వేయిద్దామా?" అని. "చాల్లేరా, లాజిక్ ఒకటే కదా" అన్నాను. తర్వాత మీటింగులో "టెస్టింగ్ సరిగ్గా జరగలేదు" అని తేల్చారు. నేను నోరు విప్పలేదు. ఆ ఏడాది వాడి రేటింగు పోయింది.

నిన్న క్యాంటీన్లో కనబడితే ఉత్సాహంగా ఈ ఎనిమిది కాళ్ళ ఫోటోలు చూపించా. బాగున్నాయన్నాడు. టీ తాగడం అయ్యాక నెమ్మదిగా అడిగాడు, "మరి వాళ్ళు ఏ నిష్పత్తి సరిపోలేదో పేపర్లో రాస్తారా అన్నా?"

రాస్తారన్నాను. వాడి పాత లీడ్‌కి రాయాల్సిన మెయిలు సోమవారం నుంచీ డ్రాఫ్ట్స్‌లోనే ఉంది.