జరగని డెడ్‌లాక్‌ని పట్టేసేది

లినక్స్ కెర్నల్‌లో నాకు భలే ముచ్చటేసేది లాక్‌డెప్, డెడ్‌లాక్‌లని ముందే పసిగట్టేది. ఇంగో మోల్నార్ రాశాడు, 2006లో 2.6.18తో వచ్చింది.

ఒక థ్రెడ్ ‘ఎ’ లాక్ పట్టుకుని ‘బి’ కోసం, ఇంకోటి ‘బి’ పట్టుకుని ‘ఎ’ కోసం కూర్చుంటే డెడ్‌లాక్. ఇది అందరికీ తెలిసిందే. గొడవల్లా, ఆ రెండూ సరిగ్గా ఒకే క్షణంలో తగులుకోవాలి. టెస్టింగ్‌లో ఎన్నిసార్లు నడిపినా తగులుకోవు. ప్రొడక్షన్‌లో మాత్రం పండగ రాత్రే తగులుకుంటాయి!

లాక్‌డెప్ అందాకా ఆగదు. ఏ లాక్ చేతిలో ఉండగా ఏ లాక్ అడిగారో రాసిపెట్టుకుంటుంది. పొద్దున ‘ఎ’ తర్వాత ‘బి’, సాయంత్రం ఇంకెక్కడో ‘బి’ తర్వాత ‘ఎ’ కనిపిస్తే చాలు, ఎవరూ ఇరుక్కోకపోయినా కేకేస్తుంది. పైగా చూసేది విడివిడి లాకుల్ని కాదు, వాటి తరగతుల్ని. ఒకే రకం ఆబ్జెక్టులు లక్ష ఉన్నా వాటి లాక్ ఒక్కటిగానే లెక్క. అందుకే అప్పుడప్పుడూ ఉత్తుత్తి కేకలు కూడా పెడుతుంది. అప్పుడు తరగతి ఒకటే అయినా ఈ లాక్ వేరు అని సబ్‌క్లాస్ చెప్పి ఊరుకోబెట్టాలి.

ఒక్క కేక వేశాక తనంతట తానే ఆగిపోతుంది, కాబట్టి మొదటిది సరిచేయకుండా రెండోది కనపడదు. మామూలు సి++ ప్రోగ్రాములకైతే థ్రెడ్‌శానిటైజర్ కూడా ఇలా లాకుల వరస తారుమారైతే పట్టేస్తుంది. అసలు నడవని కోడ్ సంగతి మాత్రం రెండూ చెప్పలేవు.